బాహుబలి 2 ట్రైలర్: ఆ ఒక్క ‘మామా’ దగ్గరే ఆగిపోయాను

అందరికీ నమస్కారం. గొంతు బొంగురుపోయింది, ఏమీ అనుకోకండి. నిన్న పొద్దున థియేటర్లో అరిచిన అరుపులకి ఇంకా తేరుకోలేదు. నిన్న అంటే 2017 మార్చి 16, గురువారం. ‘బాహుబలి 2: ది కన్‌క్లూజన్’ ట్రైలర్ వచ్చిన రోజు. ఇవాళ వేరే ఏ విషయం మాట్లాడమన్నా నా వల్ల కాదు.

మొదటి భాగం చూడనివాళ్లు ఎవరైనా ఉంటే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది. జలపాతం కింద ఊళ్లో పెరిగిన శివుడు, అసలు పేరు మహేంద్ర, పైకెక్కి మాహిష్మతి రాజ్యానికి వస్తాడు. తన తండ్రి అమరేంద్ర బాహుబలి అని, ఆ రాజ్యం జనం ఆయన్ని దేవుడిలా కొలుస్తారని తెలుస్తుంది. ఆయన కథంతా చెప్పుకొచ్చిన కట్టప్ప, అంటే ఆ సింహాసనానికి బానిస, చివర్లో ఆయన్ని చంపింది తనేనని బయటపెడతాడు. అక్కడితో సినిమా అయిపోయింది. ఆ రోజు థియేటర్లో లైట్లు వేసినా మేం సీట్లలోంచి లేవలేదు. ఇంకా ఏదో ఉందనుకున్నాం. స్వీపింగ్‌కి వచ్చినాయన, ‘అయిపోయింది బాబూ, లేవండి’ అన్నాక లేచాం. అప్పటి నుంచి 20 నెలలు. బస్సులో, టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల్లో, ఎక్కడ నలుగురు కలిసినా అదే ప్రశ్న. ఎందుకు చంపాడు?

నిన్నటిదాకా నేను కూడా ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాను. ట్రైలర్ చూశాక నాకు ఆ ప్రశ్న మారిపోయింది. అదే చెబుదామని ఈ వీడియో.

మాది భీమవరం. బాహుబలిగా చేసిన ప్రభాస్ గారి సొంతూరు మొగల్తూరు మా జిల్లాయే, కాబట్టి ఇక్కడ వాతావరణం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. పొద్దున థియేటర్లలో ట్రైలర్ వేసి, సాయంత్రం 5 గంటలకు నెట్‌లో వదులుతామన్నారు. మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, నాతో వస్తానన్నాడు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. ఈ సీజన్లో రాత్రంతా గట్టు మీదే ఉంటాడు, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఒక్కటి ఆగినా ప్రాణం లేచొస్తుంది. అలాంటి మనిషి తెల్లారేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద మా ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టాడు. రెండున్నర నిమిషాల ట్రైలర్ కోసం! ఈలోగా తమిళ ట్రైలర్ ముందే లీకై ఫోన్లలో తిరగడం మొదలైంది. పక్క కుర్రాడు ఫోన్ చూపించబోతే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ‘వద్దు అల్లుడూ, ఇంతకాలం ఆగాం, పెద్ద తెర మీదే చూద్దాం’ అన్నాడు. ఆ లీకు వల్లే అసలు ట్రైలర్ని కూడా సాయంత్రందాకా ఆపకుండా ముందే వదిలేయాల్సి వచ్చింది. ఏళ్లతరబడి వందలమంది పడిన కష్టాన్ని అలా దొంగతనంగా బయటపెట్టినవాళ్లని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సరే, వాళ్ల సంగతి వదిలేద్దాం.

లైట్లు ఆరాయి. ముందు గొంతు వినిపించింది. అమరేంద్ర బాహుబలి అను నేను, అంటూ ప్రమాణం. అంతే, హాలు దద్దరిల్లిపోయింది. ఆ తర్వాతి మాటలు సగం నాకు వినపడనే లేదు. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ‘అను నేను’ అనే మాట మనకి ఎక్కడ అలవాటు? ముఖ్యమంత్రులు, మంత్రులు ప్రమాణ స్వీకారం చేసేటప్పుడు. 2014లో రెండు రాష్ట్రాల్లోనూ విన్నాం. మన చెవికి బాగా తెలిసిన ఆ మాటని తీసుకెళ్లి మాహిష్మతి కోటలో పెట్టారు. అందుకే చూడకముందే ఆయన మన మనిషి అయిపోయాడు. ఇంకొకటి గమనించారా? ప్రజల ధన మాన ప్రాణాలకి రక్షకుడిగా ఉంటానని అంటాడు గానీ, ట్రైలర్లో వినిపించినంత వరకు రాజు అనే మాట లేదు. మొదటి భాగంలో రాజమాత శివగామి ఆయన్నే రాజుగా ప్రకటించింది కదా. మరి ఆ మాట ఎందుకు లేదు? నేను నాలుగైదుసార్లు వెనక్కి పెట్టి విన్నాను. ఇక్కడ ఏదో ఉంది. నా మనసు చెబుతోంది.

తర్వాత దేవసేన, అమరేంద్రుడి భార్య. మొదటి భాగంలో అనుష్క గారిని ఎలా చూశాం? 25 ఏళ్లు సంకెళ్లతో, ఎండకి కమిలిపోయిన మొహంతో, అమరేంద్రుడి సోదరుడు భల్లాలదేవుడి చితికోసం పుల్లలు ఏరుకునే మనిషిగా. ఆ చేతుల్నే చూశాం మనం, పుల్లలు ఏరే చేతుల్ని. నిన్న అవే చేతుల్లో విల్లు ఉంది. పక్కన అమరేంద్రుడు. ఇద్దరూ కలిసి బాణాలు వదులుతున్నారు. ఆ షాట్‌లో ఆమె మొహం చూడండి. ఏ భయమూ లేదు, బాణం తప్పదని తెలిసిన ధీమా. ఆ మొహం చూస్తుంటే నాకు పుల్లలు ఏరే దేవసేన గుర్తొచ్చి కడుపులో దేవినట్టయింది. ఈ అమ్మాయికి జరగబోయేదంతా మనకి తెలుసు. పాపం, ఆమెకి తెలియదు.

ఏనుగు షాట్ గురించి చెప్పకపోతే మా ఊళ్లో నన్ను తిరగనివ్వరు. తొండం మీద కాలు పెడతాడు, ఏనుగు పైకి లేపుతుంది, ఆయన మెట్లెక్కినంత తేలిగ్గా కుంభస్థలం మీదికి చేరతాడు. ఏనుగుని లొంగదీసుకున్నట్టు ఉండదు, ఆ రెండింటి మధ్య ఏదో ఒప్పందం ఉన్నట్టుంటుంది. పోస్టర్లో చూసిందే, కానీ కదులుతుంటే ఆ బరువు, ఆ తూగు వేరు. సెంథిల్ కుమార్ గారి కెమెరా కింది నుంచి చూసే తీరు, సాబు సిరిల్ గారి కోటలు, వెనక కీరవాణి గారి కోరస్. అన్నీ కలిపి చూస్తుంటే ఇదంతా నిజంగా ఎక్కడో ఉందనిపిస్తుంది. మహేంద్ర, భల్లాలదేవుడు తలపడే ముక్కలు కూడా బాగున్నాయి. భల్లాలదేవుడిగా చేసిన రానా గారి ఒంటిని చూస్తే రెండు కొండలు ఢీకొన్నట్టే ఉంది. వాటి గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఎందుకంటే నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గర.

కట్టప్పతో అమరేంద్రుడు అంటాడు, నువ్వు నా పక్కన ఉన్నంతకాలం నన్ను చంపేవాడు ఇంకా పుట్టలేదని. చివర్లో ‘మామా’ అంటాడు.

హాలంతా విజిల్స్. నేనూ వేశాను. నా పక్కన మా మావయ్య మాత్రం అరవలేదు. ఒక్క క్షణం అలాగే ఉండి, నా భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, తీయలేదు. ట్రైలర్ అయిపోయేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

మన ఇళ్లలో మేనమామ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఉండాలి. చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్లోనే కూర్చోబెడతారు, పిల్లాడు ఏడిస్తే గట్టిగా పట్టుకోవాల్సింది ఆయనే. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేది ఆయనే. అమ్మ తరఫున మనకి మొదటి కాపలా మనిషి మేనమామ. ఇక్కడ కట్టప్పకి, బాహుబలికి రక్త సంబంధం లేదు. కట్టప్ప సింహాసనానికి కట్టుబానిస. మొదటి భాగంలో అస్లాంఖాన్ అనే వర్తకుడు వచ్చి, ఈ బానిసత్వం నుంచి విడిపిస్తానని అడిగితే, తన పూర్వీకులు సింహాసనానికి ఇచ్చిన మాట ఉందని వద్దన్న మనిషి. అలాంటి బానిసని ఒక రాకుమారుడు నోరారా మామా అని పిలుస్తున్నాడు. సేవకుడా అనలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఇంట్లో మనిషిని చేసుకున్నాడు. ఆ పిలుపులో ఉన్న నమ్మకం చూడండి. తన చావు ఎవరి చేతిలో ఉందో ఆ చేతినే పట్టుకుని, నువ్వుంటే నాకేం భయం అంటున్నాడు.

ఆ మాట రాసినవాళ్లకి దండం పెట్టాలి. 20 నెలలుగా జనం అడుగుతున్న ప్రశ్న దర్శకుడు రాజమౌళి గారికి తెలియదా? బాగా తెలుసు. ట్రైలర్లో ఆ ప్రశ్నని దాటేసి వెళ్లిపోవచ్చు, లేదా కట్టప్ప కత్తిని అలా ఒక్కసారి చూపించి మనల్ని ఊరించవచ్చు. ఆయన ఆ రెండూ చేయలేదు. చనిపోబోయే మనిషి ఎంత మంచివాడో, ఎంత నమ్మాడో చూపించాడు. అక్కడ నా ప్రశ్న మారిపోయింది. ఎందుకు చంపాడన్నది తెలుసుకోవాలని ఉంది, లేదని కాదు. కానీ ఇప్పుడు నన్ను తినేస్తున్నది అది కాదు. ఇంతగా నమ్మినవాడిని చంపడానికి ఆ చెయ్యి ఎలా లేచింది? లేచినప్పుడు అమరేంద్రుడు మామ మొహంలోకి చూశాడా? చూసి ఏమన్నాడు?

కథ ముందే తెలిస్తే చూడబుద్ధి కాదని కొంతమంది అంటారు. నాకు ఆ మాట ఎప్పుడూ నిజమనిపించదు. అభిమన్యుడి కథ తీసుకోండి. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఆ సంగతి మనందరికీ చిన్నప్పుడే తెలుసు. అయినా ఊళ్లో నాటకం వేస్తే తెల్లవార్లూ చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. వ్యూహంలోకి అడుగుపెట్టే ముందు అభిమన్యుడు పద్యం పాడుతుంటే, పోతున్నాడని తెలిసి కూడా ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్లు. ఇంకాసేపు ఉంటాడని. నిన్న మా థియేటర్లోనూ అదే జరిగింది. ట్రైలర్ అవగానే హాలంతా ‘వన్స్ మోర్’ అని ఒకటే గోల. ఆపరేటర్ మళ్లీ వేశాడు. రెండోసారి ‘మామా’ అన్నప్పుడు విజిల్స్ తగ్గాయి. నేను గమనించాను. మొదటిసారి డైలాగ్ విన్నారు, రెండోసారి అర్థం విన్నారు.

మొదటి భాగంలో అమరేంద్రుడు ఉన్నది తక్కువసేపు. అయినా ఆయన ఎలాంటివాడో చెప్పడానికి రెండు ఘట్టాలు చాలు. యుద్ధానికి ముందు అమ్మవారికి జంతుబలి ఇవ్వమంటే, మూగజీవిని చంపనని తన చెయ్యి కోసుకుని తన రక్తమే ఇస్తాడు. యుద్ధంలో, దండెత్తి వచ్చిన కాలకేయులు మాహిష్మతి జనాన్నే అడ్డం పెట్టుకుంటే, భల్లాలదేవుడు వాళ్ల మీదుగానే వెళ్లిపోతాడు. ఈయన మాత్రం తాళ్లు విసిరి వాళ్లని కింద పడేసి, ప్రాణాలు కాపాడి ముందుకు వెళతాడు. శివగామి ఆయన్ని రాజుగా ఎంచుకున్నది అందుకే. అలాంటివాడు నేరం చేసి చావడు. ఇది నా గట్టి నమ్మకం. కట్టప్ప కోపంతోనో, ఆశతోనో చేసి ఉండడు. సింహాసనానికి ఇచ్చిన మాట, ఈ పిల్లాడి మీద ప్రేమ, రెండూ ఒకేసారి ఎదురెదురుగా వచ్చి నిలబడి ఉంటాయి. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చింది అన్నదే అసలు సంగతి. మాహిష్మతిలో ఎవరి మాట శాసనమో మొదటి భాగం చూసినవాళ్లకి తెలుసు. ఆ పేరు నేను పైకి అనను. అది నిజమైతే మాత్రం రమ్యకృష్ణ గారు ఆ సీన్‌లో ఎలా చేసి ఉంటారో అని ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది.

కట్టప్పగా చేసిన సత్యరాజ్ గారి గురించి ఒక్క మాట. ట్రైలర్ని ఆపి, ఆ డైలాగ్ దగ్గర ఆయన మొహం చూడండి. అమరేంద్రుడిని కాదు, కట్టప్పని. ఆ మాటకి ఆ మొహంలో గర్వం ఉంది, మేనల్లుడు ఎదిగి పక్కన నిలబడితే పెద్దవాళ్ల మొహంలో వచ్చే వెలుగు ఉంది. అప్పటికి ఆయనకీ తెలియదు. అదే నాకు ఎక్కువ బాధ. చంపబోయేవాడికి కూడా తెలియదు.

సినిమా విడుదల ఏప్రిల్ 28, శుక్రవారం. ఇవాళ్టి నుంచి లెక్కేస్తే 42 రోజులు. తెలుగు సినిమా ఉత్తమ జాతీయ చిత్రంగా అవార్డు తెచ్చుకోవడం మొదటి భాగంతోనే మొదలైంది. ఆ గౌరవం వచ్చాక మన సినిమా మీద అందరి కళ్లూ ఉన్నాయి. ముంబైలో, చెన్నైలో, అమెరికాలో మనవాళ్లంతా ఎదురుచూస్తున్నారు. నాకు మాత్రం ఆ రోజు మా ఊళ్లో, మా థియేటర్లో, అదే వరుసలో కూర్చోవాలని ఉంది.

నిన్న థియేటర్ నుంచి వచ్చేటప్పుడు మావయ్య దారంతా ఏమీ మాట్లాడలేదు. మా ఇంటి దగ్గర నన్ను దింపి, బండి ఆపకుండానే, ‘అల్లుడూ, సినిమాకి నువ్వెళ్లు. నేను రాను. ఆ సీను నేను చూడలేను’ అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. సరే మావయ్యా అన్నాను.

రాత్రి పదకొండున్నరకి ఫోన్ వచ్చింది. వెనక ఏరియేటర్ల చప్పుడు, చెరువు గట్టు మీద నుంచి చేస్తున్నాడు.

‘ఏరా, పడుకున్నావా?’

‘లేదు మావయ్యా.’

కాసేపు ఏరియేటర్ల చప్పుడే వినిపించింది.

‘పొద్దున ఆటకేనా మనం వెళ్లేది?’ అన్నాడు.