యూరిన్ బ్యాగ్‌ని పేషెంట్ కడుపు మీద పెట్టకండి

(కెమెరా ముందు నర్స్. టేబుల్ మీద కొత్త క్యాథెటర్, బ్యాగ్.)

స్కానింగ్‌కి తీసుకెళ్లాలని పేషెంట్‌ని స్ట్రెచర్ మీదికి మారుస్తాం. సెలైన్ బాటిల్ పైకెత్తి పట్టుకోవడానికి ఇంట్లోవాళ్లు ఒకరు ముందే రెడీగా ఉంటారు. యూరిన్ బ్యాగ్ సంగతి మాత్రం ఎవరికీ తోచదు. కొడుకో కూతురో దాన్ని తీసి పేషెంట్ కడుపు మీద పెట్టేస్తారు. నలుగురూ చూస్తారని పైన తువ్వాలు కప్పుతారు. వార్డులో నేను రోజూ అనే మాట ఇదే: "అమ్మా, బ్యాగ్ కిందికి దించండి."

(క్లోజప్: సిరంజితో బెలూన్ నింపడం.)

ఈ మెత్తటి గొట్టం మూత్రాశయంలోకి వెళ్తుంది. జారి బయటికి రాకుండా చివర ఉన్న ఈ బెలూన్‌లో నీళ్లు నింపుతాం. అక్కడి నుంచి మూత్రం పల్లానికి నీరు దిగినట్టు బ్యాగులోకి దిగుతుంది. మోటారేమీ లేదు.

(పైపులో రంగునీళ్లు. బ్యాగ్ పైకెత్తాలి.)

చూశారా, వెనక్కి వచ్చేశాయి. "బ్యాగులో వాల్వు ఉంటుంది కదా" అంటారు కొందరు. ఉంటే మంచిదే. కానీ అది బ్యాగులో ఉన్నదాన్ని ఆపుతుంది, పైపులో నిలిచిపోయినదాన్ని కాదు. ఆ నిలవ మూత్రంలో పెరిగిన క్రిములన్నీ నేరుగా మూత్రాశయంలోకి వెళ్తాయి.

అందుకే సెలైన్ పైన, యూరిన్ బ్యాగ్ కింద. కిందంటే నేల మీద కాదు. మంచం ఫ్రేముకి తగిలించండి. పైకీ కిందికీ కదిలే రెయిలింగ్‌కి వద్దు.

(క్లోజప్: బ్యాగ్ అడుగున ఉన్న గొట్టం, కింద మగ్గు.)

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మగ్గు. ఒకే మగ్గు తీసుకుని వరసగా ఆరు బెడ్ల బ్యాగులు ఖాళీ చేసుకుంటూ వెళ్తుంటారు. గొట్టం కొన మగ్గు అంచుకి తగులుతుంది, అదే మగ్గు పక్క బెడ్‌కి వెళ్తుంది. "గ్లోవ్స్ వేసుకున్నాంగా" అంటారు. ఆ గ్లోవ్స్ వేసుకున్నవాళ్లకి రక్షణే. రెండో బెడ్ పేషెంట్‌కి మాత్రం మొదటి బెడ్ క్రిముల్ని మోసుకొచ్చేవీ అవే. ఎవరి మగ్గు వాళ్లకే ఉండాలి. బెడ్ బెడ్‌కీ గ్లోవ్స్ మార్చాలి, ముందూ తర్వాతా చేతులు కడగాలి. బ్యాగ్ మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. ఈ పని మీరు చేస్తున్నా ఇదే పద్ధతి.

పైపు లోపల ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో క్రిములు చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. కాబట్టి రౌండ్స్‌కి వచ్చినప్పుడు, "డాక్టర్‌గారూ, ఈ పైపు ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. ఒక్కోసారి మాకే గుర్తు చేసినట్టవుతుంది. అంతేగానీ మీరే లాగేయకండి, లోపల బెలూన్ ఉంది.

మూత్రం కాస్త మబ్బుగా కనిపించినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అనుకోనక్కర్లేదు. వణుకుతో జ్వరం వచ్చినా, పొత్తికడుపు నొప్పి అన్నా, పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

(మళ్లీ స్ట్రెచర్.)

ఇక స్కానింగ్‌కి బయల్దేరదాం. ముందు బ్యాగ్ ఖాళీ చేయించండి. పేషెంట్‌ని మార్చాక స్ట్రెచర్ పక్కన, నడుము కంటే కిందికి తగిలించండి. తువ్వాలు అక్కడ కప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు.