పారిసాటిస్ కథలో విషమెంత, భూమెంత?

వ్యాఖ్యాత: పర్షియా అంతఃపురం అనగానే విషప్రయోగాలే గుర్తొస్తాయి. రాజమాత పారిసాటిస్ కోడలు స్టటీరాను చంపించిన తీరుతోనే మొదలుపెడదాం మేడమ్.

చరిత్ర పరిశోధకురాలు: అత్తాకోడళ్లకు ఒకరంటే ఒకరికి భయం. అందుకే ఒకే వంటకం, ఒకే చేతి వడ్డన. పారిసాటిస్ ఆ జాగ్రత్తనే వాడుకుందంటారు. ఒక చిన్న పిట్టను కత్తితో రెండుగా కోశారు, కత్తికి ఒక పక్కనే విషం. శుభ్రమైన ముక్క అత్త తింది, రెండోది కోడలికి పోయింది. పారిసాటిస్ పెద్దకొడుకు, స్టటీరా భర్త అయిన రాజు రెండవ అర్టాజెర్క్సీస్ తన తల్లి పరివారాన్ని హింసించి విచారించాడు. గిగిస్ అనే దాసి తలను రాళ్ల మధ్య నలగ్గొట్టించాడు. విషం పెట్టినవారికి అక్కడి శిక్ష అదే.

వ్యాఖ్యాత: ఇదంతా నమ్మొచ్చాండీ?

శాసన నిపుణుడు: అడుగడుగునా చూసుకోవాలి. ఈ కథను గ్రీకు రచయిత ప్లూటార్క్ దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత రాశాడు. ఆయనకు ఆధారమైన పాత గ్రీకు రచయితల మాటలే ఒకదానికొకటి పొసగవు. కోసింది మెలాంటాస్ అనే అతను అని డైనోన్, స్వయంగా పారిసాటిసే అని క్టీసియస్. హత్య రాజుపై తమ్ముడు సైరస్ తిరగబడ్డ యుద్ధకాలంలో అని డైనోన్, యుద్ధం ముగిశాక అని క్టీసియస్. క్టీసియస్ ఆస్థాన వైద్యుడు కాబట్టి కాలం విషయంలో ప్లూటార్క్ అతన్నే నమ్మాడు.

పరిశోధకురాలు: దీన్ని ఆడవాళ్ల అసూయ అని కొట్టిపారేస్తే అసలు సంగతి పోతుంది. పెద్దకొడుకే రాజు కావాలన్న కచ్చితమైన నియమం అక్కడ లేదు. భర్త గద్దెనెక్కాక పుట్టాడు కాబట్టి చిన్నకొడుకు సైరస్‌కే హక్కని పారిసాటిస్ వాదించింది. అంతకుముందు జెర్క్సీస్ రాజు కూడా గద్దె కోసం ఇదే వాదన వాడాడంటారు. అన్నపై తిరగబడ్డ సైరస్ క్రీ.పూ. 401లో కునాక్సా దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అంతకుముందే స్టటీరా పుట్టింటివాళ్లను పారిసాటిస్ చంపించింది. పగకు రెండు పక్కలా రాజకీయ కారణాలున్నాయి.

వ్యాఖ్యాత: ఇంత ధైర్యం ఎక్కడిది?

శాసన నిపుణుడు: ఆస్తి! సైరస్ వెంట వెళ్లిన గ్రీకు రచయిత జెనోఫోన్ ఉన్న సైన్యం సిరియాలో పారిసాటిస్ గ్రామాల్లో విడిసింది, తిరుగు దారిలో మీడియా అనే ప్రాంతంలోనూ ఆమె ఊళ్లే. బాబిలోన్ ప్రాంతపు నిప్పూరు నగరంలో దొరికిన మట్టిపలకల్లో ఆమె భూముల నిర్వాహకుడు ఏఅ-బుల్లిస్సు పేరుంది. రాచ స్త్రీలకు సొంత ఆస్తి ఆమెతో మొదలైనదీ కాదు. క్రీ.పూ. 509–493 నాటి, పర్షియా రాజనగరం పెర్సెపోలిస్ లెక్కల పలకలు చూడండి. అప్పటి రాజు మొదటి డారియస్ భార్య ఆర్టిస్టోన్‌కు 200 మర్రిష్‌ల ద్రాక్షసారా ఇవ్వమన్న ఉత్తర్వు, అంటే సుమారు 1,900 లీటర్లు. ఆమెకు సొంత ముద్ర ఉండేది, ఎస్టేటు ఖర్చు దానిమీదే నడిచేది.

పరిశోధకురాలు: అందుకే హత్య తర్వాత పారిసాటిస్ "బహిష్కరణ"ను నేను మరోలా చదువుతాను. కొడుకు ఆమెను పంపింది బాబిలోన్‌కు. క్టీసియస్ ప్రకారం ఆమె తల్లి ఆండియా బాబిలోన్ స్త్రీయే, ఆమె భూములు కొన్ని ఆ ప్రాంతంలోనూ ఉన్నాయి. దాసికి మరణం, తల్లికి పుట్టింటి దారి. కొంతకాలానికి ఆ రాజే ఆమెను మళ్లీ ఆస్థానానికి పిలిపించుకున్నాడు.