బరంపురం నుంచి పర్లాకిమిడికి పన్నెండు బండ్లు

శ్రోతలకు నమస్కారం. బరంపురంలోని మా మోటారుసైకిల్ మిత్రబృందం ఏటా చలికాలంలో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి, పర్లాకిమిడి వెళ్ళి, ఆ రాత్రికే ఇల్లు చేరుతుంది. వెళ్ళేది దిగపహండి, తప్తపాణి, చంద్రగిరి, ఆర్. ఉదయగిరి మీదుగా, వచ్చేది పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా. పొద్దున ఒడియా బోర్డులు, మధ్యాహ్నం దాటాక తెలుగు బోర్డులు చదువుకుంటూ సాగే ఈ చుట్టుదారి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. ఇంత దూరం గుంపుగా సాగాలంటే ముందుండే బండి మీద కన్నా చిట్టచివర వచ్చే బండి మీద ఎక్కువ ధ్యాస ఉండాలన్న సంగతి మాకు ఒక పొరపాటు జరిగాక గాని తెలిసిరాలేదు.

ఆ పొరపాటు నాది. తొలిసారి వెళ్ళినప్పుడు ముందు నడిచింది నేనే. తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గర ఆగి, గంధకం వాసన వేసే ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, ఘాట్ రోడ్డు ఎక్కాం. మలుపులు తిరుగుతుంటే వచ్చిన హుషారులో నేను వెనక్కి చూడడం మానేశాను. చివర వస్తున్న ఇరవయ్యేళ్ళ కుర్రవాడి బండికి చైన్ వదులై ఊడిపోయింది. అతను రోడ్డు పక్కన కూర్చుని దాన్ని ఎక్కించుకుని వచ్చేసరికి, కూడలిలో మేము ఎటు మళ్ళామో చెప్పేవాళ్ళు లేక నేరుగా వెళ్ళిపోయాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు గంటలు వెతికాక ఒక టీ దుకాణం బల్ల మీద, వేళ్ళకు నల్లటి గ్రీజుతో, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కనిపించాడు. "మీరు వెనక్కి వస్తారని తెలుసు బాబాయ్, అందుకే ఇక్కడినుంచి కదల్లేదు" అన్నాడు. అతను ఒక్క మాట నిష్ఠూరంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అప్పటినుంచి బయలుదేరే ముందు రోజు సాయంత్రం అందరి బండ్లూ ఒకచోట చేర్చి చూస్తున్నాం. చైన్‌ను రెండు పళ్ళచక్రాల మధ్య వేలితో ఎత్తి చూస్తే, చాలా బండ్లకు రెండు మూడు సెంటీమీటర్లు కదలాలి. అంతకు మించితే ఊడిపోతుంది, మరీ బిగిస్తే త్వరగా అరిగిపోతుంది. టైర్లలో గాలి, బ్రేకు, క్లచ్ కేబుల్ కూడా అప్పుడే చూసుకుంటాం. దారిలో ప్రతి మలుపు దగ్గరా రెండో బండివాడు ఆగి, చివరి బండి కనిపించేదాకా చెయ్యి చూపిస్తూ నిలబడతాడు. చివరి బండిని నడిపేది మాలో బాగా అనుభవం ఉన్నవాడు. పంక్చర్ సామాను, మందుల పెట్టె అతని దగ్గరే ఉంటాయి. కొత్తవాళ్ళను ముందు బండి వెనకనే ఉంచుతాం. వాళ్ళకు వీలైన వేగమే అందరి వేగం.

బండికీ బండికీ మధ్య రెండు సెకన్ల ఎడం ఉండాలంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 33 మీటర్లు. పన్నెండు బండ్లు ఒకే వరుసలో వెళితే ఆ వరుస 360 మీటర్లు దాటుతుంది. వెనక వచ్చే బస్సు అంత పొడుగు వరుసను ఘాట్ రోడ్డులో ఎక్కడ దాటగలదు? అందుకే ఆరేసి బండ్లుగా విడిపోయి, నడుమ బస్సుకు చోటు వదిలేస్తాం. తిన్నటి రోడ్డు మీద ఒకరు కుడి పక్కన, తరవాతివారు ఎడమ పక్కన ఏటవాలుగా సాగుతాం గాని, మలుపుల్లో ఒకే వరుసలోకి వచ్చేస్తాం.

చంద్రగిరిలో, 1963 నుంచీ టిబెటన్లు స్థిరపడిన ఆ మొక్కజొన్న చేల నడుమ, ఒక అరగంట నడుం చాపుతాం. అక్కడినుంచి పర్లాకిమిడి దాకా దారి నాకు ప్రాణం. సవర స్త్రీలు తలమీద బుట్టలతో రోడ్డు అంచునే ఒకరి వెనక ఒకరుగా సంతకు నడుస్తూ ఉంటారు. పన్నెండు బండ్ల చప్పుడు ఒక్కసారిగా మీద పడితే ఎవరైనా ఉలిక్కిపడతారు కనుక, హారన్ మోగించకుండా వేగం తగ్గించి దూరంగా జరిగి వెళతాం. వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరికే మేము వెళుతున్నామన్న ఎరుక కూడా అందులో ఉంది. ఊళ్ళలోకి వచ్చాక గంటకు ఇరవై కిలోమీటర్ల వేగానికి మించి పోము. సైలెన్సర్ మార్పించి చప్పుడు పెంచుకున్న బండిని, అది ఎంత ఆప్తుడిదైనా, మాతో రానివ్వము. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలమని చట్టమే చెబుతోంది. వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి అన్న నియమాన్ని మా ఇళ్ళలోనివారి విషయంలోనూ సడలించలేదు.

పర్లాకిమిడిలో అన్నం తిన్నాక వెంటనే బండెక్కం. కడుపు నిండిన గంటలో, పాతపట్నం దాటి టెక్కలి వైపు సాగే దారిలో కళ్ళు మూతలు పడతాయి. ఒక గంట చెట్టు నీడన పడుకోవడమే దానికి మందు. టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కాక లారీల గాలి బండిని పక్కకు నెడుతుంది గనుక, అక్కడ మాటలూ పందేలూ ఉండవు. ఇచ్ఛాపురం పెట్రోల్ బంకులో ఆగి తలలు లెక్కపెట్టుకుని, ఎవరి దారిన వాళ్ళు విడిపోతాం. చివరి బండివాడు ఇల్లు చేరానని ఫోన్ చేసేదాకా ముందు నడిచినవాడు నిద్రపోకూడదని మాలో మేము పెట్టుకున్న కట్టుబాటు. ఆ ఫోన్ మామూలుగా రాత్రి ఎనిమిది దాటాక వస్తుంది.