వాన వెలిసే దారి వెంట: వర్షాకాలం చివర ఉష్ణమండల ప్రయాణం

[తెరపై: థాయ్‌లాండ్ పటం. మేఘాల పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి నెమ్మదిగా జరుగుతుంది.]

ఉష్ణమండల దేశానికి వెళ్లాలనుకునేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, అక్కడ వానలు ఏ నెలలో ఆగిపోతాయి అన్నది. ఒక్క నెల పేరు చెప్పి ఊరుకుంటే అది సరైన జవాబు కాదు, ఎందుకంటే దేశమంతటా వాన ఒకే రోజున వెలవదు. సూర్యుడు దక్షిణానికి మళ్లేకొద్దీ భూమధ్యరేఖను అంటిపెట్టుకుని ఉండే వాన మేఘాల పట్టీ కూడా అటే జరుగుతుంది. అందువల్ల ఆ రేఖకు ఉత్తరాన ఉన్న దేశాల్లో చాలావరకు ఉత్తర ప్రాంతాలు ముందు తెరిపినపడతాయి, దక్షిణ ప్రాంతాల వంతు ఆ తర్వాత వస్తుంది. తేదీలను ముందే ఖాయం చేసుకుని ఊళ్లను వాటిలో ఇరికించడం కంటే, వాన వెనుదిరిగే దారినే మన ప్రయాణ మార్గంగా ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

థాయ్‌లాండ్‌నే తీసుకుందాం. ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయిలో అక్టోబరు మూడో వారం దాటేసరికి వానలు సన్నగిల్లుతాయి. బ్యాంకాక్‌లో సెప్టెంబరులో సగటున 300 మిల్లీమీటర్లకు పైగా కురిసే వర్షం నవంబరులో 50 మిల్లీమీటర్ల దరిదాపులకు పడిపోతుంది. ఫుకెట్, క్రాబి ఉన్న అండమాన్ తీరానికి ఆ తెరిపి నవంబరు రెండో సగంలో చేరుతుంది. కనుక అక్టోబరు చివర కొండ ప్రాంతంలో మొదలుపెట్టి, నవంబరు తొలి రోజులు రాజధానిలో గడిపి, నెలాఖరుకు పడమటి సముద్రతీరానికి దిగిన యాత్రికునికి అడుగడుగునా వాన వెనకబడుతూ వస్తుంది. అదే యాత్రను తలకిందులుగా వేసుకున్నవారు ప్రతి మజిలీలోనూ గొడుగు విప్పవలసి రావచ్చు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఫుకెట్‌కు ఈశాన్యంగా, గీత గీసి కొలిస్తే 300 కిలోమీటర్లు కూడా లేని దూరంలో, తూర్పు తీరానికి చేరువగా సముయి దీవి ఉంది. నైరుతి గాలులు తగ్గగానే వీచే ఈశాన్య గాలులు థాయ్‌లాండ్ సింధుశాఖ మీదుగా తేమను మోసుకొచ్చి ఆ తీరంపై కుమ్మరిస్తాయి కాబట్టి, మిగతా దేశం ఎండలో ఆరుతున్న నవంబరులోనే అక్కడ 400 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. వియత్నాంలో హనోయి పొడిగా మారే రోజుల్లోనే మధ్య తీరంలోని హుయే, హోయి ఆన్ పట్టణాలు వరదలకు గురికావడానికి కారణం కూడా ఈ గాలులే. కోస్టారికాలో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పసిఫిక్ వైపు జోరు వానలుంటే, కరీబియన్ వైపు అదే సమయంలో కాస్త పొడిగా ఉంటుంది. కాబట్టి దేశం పేరు పెట్టి వాతావరణం వెతకకండి. మీరు బస చేయబోయే ఊరి పేరు పెట్టి, నెలవారీ సగటు వర్షపాతంతో పాటు వాన పడే రోజుల సంఖ్య కూడా చూడండి. కరీబియన్ దీవులకు వెళ్లేవారు మాత్రం అట్లాంటిక్ తుపానుల కాలం నవంబరు 30 వరకు సాగుతుందని గుర్తుంచుకోవాలి.

[తెరపై: నిండిన సరస్సు, పొడవాటి స్తంభాలపై నిలబెట్టిన ఇళ్లు, వాటి మధ్య పడవ.]

ఈ కాలాన్ని కేవలం ధరలు తక్కువగా ఉండే సమయంగా చూడడం నాకు నచ్చదు, ఎందుకంటే కొన్ని దృశ్యాలు ఇప్పుడు తప్ప మరెప్పుడూ దొరకవు. వానాకాలంలో పొంగిన మెకాంగ్ నది నీరు ఎదురు ప్రవాహంగా కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సులోకి చేరి, వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు ఉండే ఆ సరస్సును 15,000 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరింపజేయగలదు. మెకాంగ్ తగ్గుముఖం పట్టగానే, ఆ సరస్సును మెకాంగ్‌తో కలిపే టోన్లే సాప్ నది దిశ మార్చుకుని, ఆ నీటిని తిరిగి రాజధాని నమ్ పెన్ వైపు మోసుకెళ్తుంది. ఈ మలుపును సాధారణంగా నవంబరు పౌర్ణమి వేళ, పడవ పందేలతో, బోన్ ఓమ్ టూక్ అనే నీటి పండుగగా జరుపుకుంటారు. ఆ రోజుల్లో నమ్ పెన్‌లో ఉండదలచినవారు గదిని ముందుగానే ఖాయం చేసుకోవాలి. జలపాతాలు కూడా ఇప్పుడే నిండుగా దూకుతాయి, నాలుగు నెలలు ఆగితే వాటిలో కొన్ని సన్నటి ధారగా మిగులుతాయి.

సముద్రం మాత్రం ఆలస్యంగా తేరుకుంటుంది. నదులు తెచ్చిన ఒండ్రు అడుగుకు చేరేదాకా తీరంలో నీరు మసకగానే ఉంటుంది కనుక, డైవింగ్ కోసం వెళ్లేవారు ఆ మజిలీని యాత్ర చివరికి పెట్టుకోవడం మంచిది. థాయ్‌లాండ్‌లోని సిమిలాన్ దీవుల జాతీయ ఉద్యానాన్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసే ఉంచుతారు.

వాన ఆగినంత మాత్రాన నేల గట్టిపడదు. నెలల తరబడి నీరు పీల్చిన కొండవాలు ఒక చిన్న జల్లుకే జారిపోవచ్చు. నేల వేడెక్కి మేఘాలు కట్టేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కాబట్టి, కొండ దారులు, పడవ ప్రయాణాలు ఉదయం పూట పెట్టుకోండి. దీవి నుంచి తిరిగివచ్చిన రోజే అంతర్జాతీయ విమానం ఎక్కేలా టికెట్ తీసుకోకండి, పడవలు ఆగిపోతే సర్దుకోవడానికి మధ్యలో ఒక రోజు ఖాళీ తప్పనిసరి. ప్రయాణ బీమా కూడా టికెట్లు కొన్న వెంటనే తీసుకోవాలి, తుపాను వార్త వెలువడ్డాక కొన్న బీమా సాధారణంగా ఆ తుపాను నష్టానికి వర్తించదు.

ఆరోగ్యం విషయంలో తొందరపాటు పనికిరాదు. బయలుదేరడానికి 4 నుంచి 6 వారాల ముందే వైద్యుణ్ణి కలిస్తే టీకాలు పనిచేయడానికి వ్యవధి ఉంటుంది. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం, ఆ టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. నిలిచిన నీటిలో పెరిగే ఏడిస్ దోమలు డెంగీని వ్యాపింపజేస్తాయి, అవి ముఖ్యంగా పగటిపూటే కుడతాయి కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. పొడవు చేతుల చొక్కా, దోమలను తరిమే మందు పగలు కూడా అవసరం. మలేరియా ఉన్న ప్రాంతమైతే ముందుజాగ్రత్త మాత్రలు వేసుకోవాలో లేదో వైద్యుడే చెప్పాలి. వరద నీటిలో పుండ్లున్న కాళ్లతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు సోకే ప్రమాదం ఉంది.

యాత్రలో గానీ, తిరిగివచ్చిన తొలి రెండు వారాల్లో గానీ జ్వరం వస్తే, డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలను సొంతంగా వేసుకోవద్దు, అవి రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి. మలేరియా నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కనుక, ఎప్పుడు జ్వరం వచ్చినా వైద్యునికి మీరు ఏ దేశంలో, ఏ ఊళ్లలో, ఏ తేదీల్లో ఉన్నారో మొదటి మాటగా చెప్పండి.