వాడు ఎలాగూ చేసే పనికే జీతం

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తున్నాను, నేను ట్రైనర్‌ని కాదు. పదకొండేళ్లుగా బసెంజీ అనే జాతి కుక్కతో వేగుతున్న మనిషిని, అంతే. ఈ జాతిని చూడనివాళ్ల కోసం: నిక్కపొడుచుకున్న చెవులు, నుదుటి మీద ముడతలు, నడుం మీదికి చుట్టుకున్న తోక. మామూలు కుక్కల్లా మొరగదు. మొరగదు కదా, ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని మాత్రం అనుకోకండి. రాగాలు తీస్తుంది. అదీ మనం ఫోన్లో మాట్లాడేటప్పుడు.

మా వాడికి "కూర్చో" నేర్పుదామని మొదటి నెలంతా కుస్తీ పట్టాను. "కూర్చో" అనగానే నా ముఖం చూసేవాడు, తర్వాత నా చెయ్యి చూసేవాడు. చేతిలో ఏమీ లేదని తేలాక వెళ్లి సోఫా ఎక్కేవాడు. చూసినవాళ్లంతా మొండివాడన్నారు, ఇంకొందరు మందబుద్ధి అన్నారు. 1994లో స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుక్కల పోటీల న్యాయనిర్ణేతల అభిప్రాయాలు సేకరించి జాతులకు ర్యాంకులు ఇచ్చారు. అందులో గొర్రెలు కాసే బోర్డర్ కోలీ మొదటిది. బసెంజీ చివరి నుంచి రెండోది! నేనూ నమ్మాను. వాడు వంటింటి అలమార తలుపు సందులో గోరు దూర్చి, లాగి, మూతి పెట్టి తెరిచిన రోజు దాకా నమ్మాను. ఆ ర్యాంకులు కొలిచింది ముఖ్యంగా మాట వినే గుణాన్ని. మనం దాన్ని తెలివి అని చదువుకున్నాం.

మాట ఎందుకు వినదు? దాని పనే అలాంటిది. కాంగో అడవుల్లో వేటగాళ్లు వలలు కట్టేవాళ్లు. ఈ కుక్కలు పొదల్లో దూరి జంతువుల్ని ఆ వలల వైపు తరిమేవి. మొరగవు కాబట్టి ఎక్కడున్నాయో తెలియడానికి మెడకు గంట కట్టేవాళ్లు. ఆలోచించండి, మనిషి కనపడడు, ఆజ్ఞ వినపడదు. ఎటు తిరగాలో, ఎప్పుడు ఆగాలో కుక్కే తేల్చుకోవాలి. బోర్డర్ కోలీ అలా కాదు, కాపరి ఈల కోసం చెవి ఒగ్గి ఉంటుంది. అలాంటి కుక్కకు రాసిన పాఠం మా వాడికి ఎలా పనికొస్తుంది?

అందుకే ఆజ్ఞలు మానేశాను. రెండు రోజులు ఊరికే చూస్తూ కూర్చున్నాను. వాడు రోజూ పొద్దున్నే నిద్ర లేవగానే ముందు కాళ్లు చాపి, ఛాతీ నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి ఒళ్లు విరుచుకుంటాడు. దాన్నే పట్టుకుందామనుకున్నాను. క్లిక్కర్ అంటే నొక్కితే టిక్కుమనే చిన్న డబ్బీ; అది మోగితే తిండి వస్తుందని వాడికి అప్పటికే తెలుసు. మర్నాడు పొద్దున వాడి మోచేతులు నేలకు తగిలిన క్షణాన క్లిక్ చేసి, శనగగింజంత ముక్క ఇచ్చాను. చెవులు గిర్రున తిరిగాయి. ఇంకేం లేదు. రెండో రోజూ అంతే. నాలుగో రోజు ఒళ్లు విరుచుకున్నాడు, ముక్క తిన్నాడు, నాలుగడుగులు నడిచాడు, ఆగాడు. నన్ను చూస్తూ మళ్లీ సగం వంగాడు. ఒంట్లో బద్ధకం లేదు, కళ్లలో నిద్ర లేదు. పచ్చి దొంగ విరుపు! ఆ రోజు గుప్పెడు ముక్కలు ఇచ్చాను.

"వంగు" అనే మాట కలిపింది ఆ తర్వాతే. వంగబోతున్నాడని తెలియగానే, కాస్త ముందు అనాలి. కుక్క ఆ పని ఇంకా చెయ్యనప్పుడే మాట మొదలుపెడితే అది దానికి ఫ్యాన్ చప్పుడుతో సమానం. క్లిక్కర్ దేనికంటే, టైమింగ్ కోసం. జేబులోంచి ముక్క తీసేలోపు కుక్క లేచి నిలబడుతుంది, అప్పుడు మనం నిలబడినందుకు జీతం ఇచ్చినట్టవుతుంది. 1960ల్లో హవాయిలో కారెన్ ప్రయర్ అనే శిక్షకురాలు డాల్ఫిన్లకు ఇదే పని ఈలతో చేశారు. డాల్ఫిన్‌కి గొలుసు కట్టి లాగలేం కదా! ఆ తర్వాత ఈ పద్ధతిని కుక్కలు పెంచేవాళ్ల దాకా తీసుకొచ్చినవాళ్లలో ఆమెది పెద్ద పాత్ర.

స్వభావానికి ఎదురు వెళితే ఏమవుతుందో నాకు బాగా చెప్పింది ఒక పంది. కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ శిష్యులు, రకరకాల జంతువులకు శిక్షణ ఇచ్చేవాళ్లు. పందికి చెక్క నాణెం తెచ్చి డబ్బాలో వెయ్యడం నేర్పారు. మొదట్లో చకచకా వేసేది. వారాలు గడిచేకొద్దీ దారిలో నాణేన్ని కింద పడేసి, మూతితో కుళ్లగించి, ఎగరేసి, మళ్లీ కుళ్లగించడం మొదలుపెట్టింది. ఆకలిగా ఉన్నా అదే తంతు. రకూన్ అనే అమెరికా అడవి జంతువు అయితే రెండు నాణేలిస్తే డబ్బాలో వెయ్యకుండా వాటిని ఒకదానికొకటి రుద్దుతూ కూర్చుంది. 1961లో వాళ్లే ఇదంతా రాశారు. నాకు అర్థమైంది ఒకటే. ఆ పందికి కుళ్లగించడమే నేర్పి ఉంటే పేచీయే లేదు.

నా తప్పు కూడా చెప్పాలి. మా వాడు ఒకసారి సాక్సు ఎత్తుకెళ్లాడు. లాక్కోకూడదని తెలుసు కాబట్టి చికెన్ ముక్క చూపించి వదిలించాను. ఎంత బాగా డీల్ చేశానో అని మురిసిపోయాను. వారం తిరిగేసరికి వాడు సాక్సు తెచ్చి, నా ఎదురుగా నిలబడి, నోట్లోంచి జారనిచ్చి, చేతివంక చూడటం మొదలెట్టాడు. ఇవ్వకపోతే వెళ్లి రెండోది తెచ్చాడు. నేను ట్రైనింగ్ ఇస్తున్నాననుకున్నాను, వాడు వ్యాపారం పెట్టాడు. విరుగుడు సింపుల్: సాక్సులు అందకుండా పెట్టాం. సాక్సు పక్కనుంచి ఊరికే నడిచి వెళ్లినప్పుడల్లా ముక్క పడింది. అది కనపడని పని, అందుకే మనం దానికి జీతం ఇవ్వం. గొడవ చెయ్యకుండా పడుకున్న కుక్కను ఎవరూ పట్టించుకోరు. గిన్నె తన్నితే మాత్రం ఇల్లంతా పరిగెత్తుకొస్తుంది.

ఇప్పుడు వాడు నడకలో తనంతట తాను వెనక్కి తిరిగి నన్ను చూసిన ప్రతిసారీ ముక్క ఇస్తాను. పిలవను. మొదట్లో పది నిమిషాల్లో రెండుసార్లు చూసేవాడు, ఇప్పుడు మలుపు మలుపుకీ చూస్తాడు. అయినా పొదలో ఏదైనా కదిలిందా, అయిపోయింది. ఆ క్షణంలో నా చికెన్‌కి విలువ లేదు. వేల ఏళ్ల వేట ముందు నా జేబు చాలా చిన్నది. కాబట్టి గేటు తీసే ముందు బెల్టు కొక్కెం తగిలించి, ఒకసారి లాగి చూసుకుంటాను. పదకొండేళ్ల తర్వాత కూడా, ప్రతి రోజూ.

ప్రశ్నలుంటే అడగండి. సాక్సుల గురించి తప్ప.