తీర్మానంలో సైనికులు, బడ్జెట్‌లో సైనికులు

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, ప్రజావ్యయం చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

ఐక్యరాజ్య సమితి శాంతిపరిరక్షక దళాలు అనగానే మనకు నీలి హెల్మెట్లు గుర్తుకు వస్తాయి. నేను మాత్రం ఒక అంకెతో మొదలుపెడతాను. దక్షిణ సూడాన్ మిషన్‌కు భద్రతా మండలి 2016లో నిర్ణయించిన సైనికుల గరిష్ఠ సంఖ్య 17,000. తరవాతి సంవత్సరాల్లో అక్కడ నిజంగా విధుల్లో ఉన్న సైనికులు ఆ అంకెకు ఎప్పుడూ తక్కువే. అలాంటప్పుడు బడ్జెట్ తయారుచేసే అధికారి ఎంతమందికి డబ్బు అడగాలి? ఈ సాయంత్రం నేను మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

ముందుగా ఎవరి పని ఏమిటో చూద్దాం. ఎంతమంది సైనికులు, ఎంతమంది పోలీసులు ఉండవచ్చో చెప్పేది భద్రతా మండలి. డబ్బు మంజూరు చేసేది సర్వప్రతినిధి సభ. ఈ రెంటికీ నడుమ సచివాలయం అంచనాలు వేస్తుంది, పాలనా, బడ్జెట్ వ్యవహారాల సలహా సంఘం వాటిని జల్లెడ పడుతుంది, సర్వప్రతినిధి సభలో బడ్జెట్ వ్యవహారాలు చూసే అయిదో కమిటీలో సభ్యదేశాలు బేరాలాడతాయి. ఈ బడ్జెట్ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అంచనాలు అంతకు ఎన్నో నెలల ముందే సిద్ధం కావాలి కనుక, వాటిని రాసేవారు రాబోయే ఏడాదిన్నరను ఊహించి రాయవలసిందే. 2023లో భద్రతా మండలి మాలీ మిషన్‌ను ముగిస్తూ తీర్మానం చేసింది జూన్ 30న, అంటే కొత్త బడ్జెట్ సంవత్సరానికి సరిగ్గా ఒక్కరోజు ముందు. అంతకుముందు పూర్తి ఏడాదికి వేసుకున్న లెక్క ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక రేటు సంగతి. సైనికుడిని పంపిన ప్రభుత్వానికి సమితి ఒక్కొక్కరికి నెలకు ఇంత అని చెల్లిస్తుంది. చాలాకాలం 1,028 డాలర్ల దగ్గరే ఆగిపోయిన ఈ మొత్తం 2014లో 1,332కు, 2018లో 1,428కి, 2022 జులైలో 1,448కి పెరిగింది. ఇది సైనికుడి చేతికి వచ్చే జీతం కాదు, అతని ప్రభుత్వానికి ముట్టే పరిహారం. పదివేల మందికి ఏడాదికి లెక్కకడితే 17 కోట్ల 37 లక్షల 60 వేల డాలర్లు అవుతుంది. తిండి, ఇంధనం, రాకపోకలు, బెటాలియన్ తెచ్చుకున్న వాహనాలకూ పరికరాలకూ ఇచ్చే అద్దె ఇందులో చేరలేదు.

మన ప్రభుత్వ కార్యాలయాల్లో మంజూరైన పోస్టులు వేరు, కుర్చీలో కూర్చున్న మనుషులు వేరు అన్న సంగతి ఇక్కడున్న వారికి చెప్పనక్కరలేదు. సమితి బడ్జెట్‌లోనూ ఆ తేడాను పద్దులోకి ఎక్కించే పద్ధతి ఉంది. పౌర సిబ్బంది విషయంలో దాన్ని ఖాళీల శాతం అంటారు, సైనికుల, పోలీసుల విషయంలో మోహరింపు జాప్యపు శాతం అంటారు. పదివేల మందికి 5 శాతం జాప్యం ఉంటుందని రాస్తే, పైన చెప్పిన ఒక్క పద్దులోనే దాదాపు 87 లక్షల డాలర్లు తగ్గిపోతాయి. కాగితం మీద ఇది చిన్న గీత. దానికి ఆధారం ఏమిటన్నదే అసలు ప్రశ్న.

సాధారణంగా ఆ ఆధారం గతానుభవమే. నిరుడు ఇంతమంది రాలేదు కనుక ఈసారీ ఇంతమంది రారు అన్న తర్కం ఆడిట్ కంటికి నిర్దోషంగానే కనిపిస్తుంది. ఏడాది చివర మిగిలిన సొమ్మును సభ్యదేశాల ఖాతాలకు జమ కట్టాలి, అది ఎక్కువైతే అంచనాలు ఉబ్బించారని కమిటీలో నిలదీస్తారు. చాలకపోతే వచ్చే ఇబ్బంది మాత్రం న్యూయార్క్‌లో కాక, ఎక్కడో ఒక శిబిరంలో కనబడుతుంది. అందువల్ల అంచనా వేసేవారి చేయి సహజంగానే జాప్యపు శాతాన్ని పెంచే వైపు మొగ్గుతుంది. రాని బెటాలియన్ ఎందుకు రాలేదని అడగవలసిన చోట, రాకపోవడాన్నే వచ్చే ఏటి అంచనాకు పునాదిగా వేసుకోవడం నాకు ఒప్పుదల కాని పద్ధతి.

ఏడాది మొత్తానికి ఒకే శాతం రాయడంలో మరో చిక్కుంది. దక్షిణ సూడాన్‌లో వానలు సుమారుగా ఏప్రిల్‌లో మొదలై నవంబరు దాకా ఉంటాయి. ఆ నల్లరేగడి నేలలో మట్టిరోడ్లు బురదై లారీలు ఇరుసుదాకా దిగబడతాయి. మన భారత బెటాలియన్ పనిచేసిన మలకాల్ వంటి చోటికి బరువైన సామాను చేరాలంటే ఓడలో కెన్యా రేవు మొంబాసాకు వచ్చి, అక్కడినుంచి లారీల మీద రాజధాని జూబాకు చేరి, ఆపైన తెల్ల నైలు మీద బల్లకట్టు పడవల్లోనో, నేల ఆరిన నెలల్లో రోడ్డు మీదనో వెళ్లాలి. జులై 1న, అంటే సరిగ్గా వానల నడుమ, బడ్జెట్ సంవత్సరం మొదలవుతుంది. మొదటి అయిదు నెలల్లో కదలని బలగం డిసెంబరు, ఏప్రిల్ నడుమ ఒక్కసారిగా కదులుతుంది. 850 మంది బెటాలియన్ మూడు నెలలు ఆలస్యమైతే పరిహారపు పద్దులో దాదాపు 37 లక్షల డాలర్లు మిగులుతాయి. నేల ఆరిన ఆ నెలల్లోనే రవాణా, ఇంధనం, శిబిర నిర్మాణం పద్దులు మీదపడతాయి. నెలవారీగా వేసిన పట్టికలో ఇదంతా కనబడుతుంది, వార్షిక సగటులో మునిగిపోతుంది. 2016 ఆగస్టులో అదే మిషన్‌కు అదనంగా 4,000 మంది ప్రాంతీయ రక్షణ దళాన్ని మండలి అనుమతిస్తే, రువాండా పదాతిదళపు తొలి జట్టు జూబాలో దిగేసరికి 2017 ఆగస్టు వచ్చింది. అయితే ఆ జాప్యానికి వానలొక్కటే కారణం కాదు, ఆతిథ్య ప్రభుత్వపు అయిష్టత కూడా కారణమే. ఏ గణాంక సూత్రమూ దాన్ని ముందుగా కొలవలేదు.

జాప్యం ఖరీదు తెలియాలంటే రువాండా దగ్గర ఆగక తప్పదు. 1993 అక్టోబరు 5న ఆ దేశంలో ఏర్పాటైన సమితి మిషన్‌కు అనుమతించిన బలగం 2,548 మంది. దాని బడ్జెట్ లాంఛనంగా ఆమోదం పొందింది 1994 ఏప్రిల్ 4న. టుట్సీల ఊచకోత మొదలైంది ఏప్రిల్ 6 రాత్రి. బడ్జెట్ ముందే వచ్చి ఉంటే మారణకాండ ఆగేదని నేను అనను, అక్కడ కొరవడింది ప్రధానంగా రాజకీయ సంకల్పం. కానీ ఆ ఆరు నెలలూ మిషన్ అరకొర సరంజామాతోనే నెట్టుకొచ్చిందన్నది విస్మరించరాని నిజం. ఏప్రిల్ 21న మండలి బలగాన్ని 270కి కుదించింది, మే 17న మళ్లీ 5,500కు పెంచింది, రెండు నెలలు దాటాక జులై చివరిలో లెక్క చూస్తే అక్కడున్నవారు 550 మంది. తీర్మానంలో రాసిన పదిమందికి నేలమీద ఒక్కరు. ఇవాళ కొత్త మిషన్ల తొలి ఖర్చులకు సలహా సంఘం సమ్మతితో 10 కోట్ల డాలర్ల వరకు ముందే వాడుకునే వీలు ఉంది, అది మెరుగే.

పోనీ బడ్జెట్ మంజూరైతే చాలా? 2025-26కు శాంతిపరిరక్షణ మొత్తానికి సుమారు 540 కోట్ల డాలర్లు ఆమోదించారు. అందులో అమెరికా వాటా దాదాపు 26 శాతం, చైనా వాటా దాదాపు 24 శాతం. ఒక పెద్ద చందాదారు చెల్లింపు ఆపితే ఆమోదించిన అంకె అలాగే ఉంటుంది, బ్యాంకులో డబ్బు ఉండదు. 2025 అక్టోబరులో జరిగింది ఇదే: తొమ్మిది మిషన్లలోని 50,000 మందికి పైబడిన బలగంలో పావు వంతును, అంటే 13,000 నుంచి 14,000 మందిని, ఇళ్లకు పంపవలసి వస్తుందని సమితి ప్రకటించింది. పంపడానికీ విమానాలు కావాలి, పరికరాలకు ఓడలు కావాలి. ఆ ఖర్చు ఖాళీగా ఉన్న ఖజానా నుంచే రావాలి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. సమితి ఏటా ప్రతి మిషన్‌కూ పనితీరు నివేదిక ప్రచురిస్తుంది. అందులో అనుమతించిన సంఖ్య, అనుకున్న సగటు, వాస్తవ సగటు పక్కపక్కనే ఉంటాయి, కింద తేడాకు కారణం రెండు మూడు వాక్యాల్లో రాస్తారు. ఏ మిషన్‌నైనా ఎంచుకుని వరసగా అయిదేళ్ల నివేదికలు తీసి, ఆ వాక్యాలు ఏటేటా మారాయో, అవే తిరిగి వచ్చాయో చూసి రండి. వచ్చేవారం మన చర్చ అక్కడినుంచి మొదలవుతుంది.