వాసన ఆగిపోయే చోట

అందరికీ నమస్కారం.

ముక్కుకు తగిలిన వాసన చూపులాగా, వినికిడిలాగా మెదడు నడుమ ఉండే థాలమస్ అనే కూడలి మీదుగా తిరిగి రాదు. మెదడులో వాసనను మొదట అందుకునే ఘ్రాణ కందం నుంచి దాదాపు నేరుగా భావోద్వేగాలను, జ్ఞాపకాలను నడిపే అమిగ్డాలా, హిప్పోక్యాంపస్‌ల వైపు వెళ్తుంది. ఆవపిండి వాసనకే అమ్మమ్మగారి పెరడు గుర్తుకు రావడం అందుకే. అసహ్యం కూడా ఆ దారినే పాతుకుపోతుంది. ‘వాళ్ల దగ్గర వాసన’ అని పసితనంలోనే నేర్పితే, ఆ మనిషి తలంటుకుని ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చినా పక్కన కూర్చోనివ్వరు. మన మురుగు వాసనను తరతరాలుగా కొన్ని కులాలకు అంటగట్టాం.

అదే మనం సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి దించేటప్పుడు ఆ మనిషి ప్రాణాన్ని అతని ముక్కుకే వదిలేస్తాం. అది ఎంత ప్రమాదమో చెబుతాను.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లలో ఒక పాలు) లోపే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎంకు చేరితే కొద్ది నిమిషాల్లో వాసన తెలియకుండా పోతుంది. 700 దాటితే ఒకటి రెండు ఊపిరులకే కుప్పకూలతారు. ‘కంపు తగ్గింది, దిగొచ్చు’ అన్న మాట ఇక్కడ ప్రాణం తీస్తుంది. మురుగులోనే పుట్టే మరో వాయువు మీథేన్‌కు అసలు వాసనే లేదు. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. అగ్గిపుల్ల గీసి పరీక్షించడం ఎంత మాత్రం తగదు.

మూత తీసి గంటసేపు వదిలేసినా చాలదు. అడుగు మడ్డిలో గ్యాస్ బుడగలుగా చిక్కుకుని ఉంటుంది, కర్రతో కదిపితే ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందుకని ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు ఎంతున్నాయో చూపే నాలుగు వాయువుల మీటరును తాడుతో దించి పైన, మధ్యన, అడుగున విడివిడిగా చూడాలి, పని అయ్యేదాకా ఆన్‌లోనే ఉంచాలి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటినా దగ్గరికి పోకూడదు. మూతికి కట్టిన గుడ్డ వీటిలో దేన్నీ ఆపదు. పడిపోయినవాణ్ని కాపాడాలని వెంటనే దూకిన అన్నో తమ్ముడో కూడా అక్కడే పోతున్నారు. దిగేవారి ఒంటినంతా పట్టి ఉంచే బెల్టు (హార్నెస్), పైన ముక్కాలి స్టాండు, తాడు చుట్టే చక్రం ఉంటే, ఇంకొకరు లోపలికి దిగకుండానే లాగవచ్చు.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడాన్నీ నిషేధించింది. మృతుల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ వంటివారు దశాబ్దాలుగా పోరాడితే ఇంతదూరం వచ్చింది. అయినా చావులు ఆగలేదు.

మీ ఇంటికి ట్యాంకు ఖాళీ చేసే లారీ వచ్చినప్పుడు అడుగున గట్టిపడ్డ మడ్డి రాకపోతే, నీళ్లు జెట్‌తో కొట్టించి మళ్లీ లాగించండి. కొంత మిగిలినా ట్యాంకుకు నష్టం లేదు. దాన్ని గీకడానికి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించితే మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. పని చేయించుకున్న ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది.